0.01 పీపీఎం దగ్గర చిక్కిన మిర్చి: గుంటూరు నుంచి జపాన్‌కు వెళ్లిన ఒక కంటైనర్ కేసు

నేపథ్యం

ఈ కేసులో మూడు పక్షాలున్నాయి. పల్నాడు వైపు కొన్ని గ్రామాల రైతు ఉత్పత్తిదారుల సంఘం, గుంటూరులో తొడిమ తీయించి గ్రేడింగ్ చేసి పంపే ఒక మధ్యతరహా ఎగుమతిదారు, జపాన్‌లో మసాలా పొడులు చేసేవాళ్లకు ఎండుమిర్చి అందించే ఒక దిగుమతిదారు. ఊళ్లు, మిర్చి రకం, రేవు, సంవత్సరం ఇక్కడ రాయడం లేదు. దొరికిన పురుగుమందు పేరు కూడా రాయడం లేదు. జపాన్ ఆరోగ్య శాఖ దిగుమతి ఉల్లంఘనలను సరుకు, దేశం, కారణంతో సహా బహిరంగంగా ప్రకటిస్తుంది. మందు పేరు, ఏడాది తెలిస్తే ఆ కంటైనర్ ఎవరిదో పట్టుకోవడం కష్టం కాదు.

జపాన్ గడప ఎందుకంత ఎత్తుగా ఉందో ముందు తెలియాలి. కేలరీల లెక్కన ఆ దేశం తన తిండిలో సుమారు 38 శాతమే సొంతంగా పండించుకుంటుంది. మిగతాదంతా ఓడల్లో దిగాల్సిందే. 2002లో చైనా నుంచి వచ్చిన ఫ్రోజెన్ పాలకూరలో క్లోర్‌పైరిఫాస్ బయటపడి అక్కడ పెద్ద గొడవైంది. మరుసటి ఏడాది ఆహార పారిశుద్ధ్య చట్టాన్ని సవరించి, 2006 మే 29 నుంచి పాజిటివ్ లిస్ట్ విధానం అమల్లోకి తెచ్చారు. అంతకుముందు ఒక మందుకు పరిమితి రాసి లేకపోతే పట్టించుకునేవాళ్లు కాదు. ఆ రోజు నుంచి లెక్క తిరగబడింది. ఒక పంట మీద ఒక మందుకు విడిగా పరిమితి లేకపోతే అన్నిటికీ ఒకే అంకె, 0.01 పీపీఎం. అంటే కిలోకు 0.01 మిల్లీగ్రాము. 14 టన్నుల మిర్చి ఉన్న 40 అడుగుల కంటైనర్ మొత్తానికి 140 మిల్లీగ్రాములు. గోటి మీద పట్టేంత పొడి.

ఈ అంకె ఆ మందు విషతీవ్రతను కొలిచి పెట్టింది కాదు. సమాచారం లేనప్పుడు వేసే తాళం. మన దగ్గర ఆ మందు చట్టబద్ధమా, డబ్బా మీద రాసినన్ని రోజులు ఆగి కోశారా అన్నవి అక్కడ లెక్కలోకి రావు. డబ్బా మీద రాసే ఆగాల్సిన రోజులు మన పరిమితికి సరిపోయేలా లెక్కగట్టినవి, జపాన్ పరిమితికి కాదు.

ఇంకో విషయం ఈ కేసులో చాలా సమయం తినేసింది కాబట్టి ఇక్కడే చెప్పాలి. జపాన్ మనకు 1958లో తొలి యెన్ రుణం ఇచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో కట్టిన శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రం దగ్గర్నుంచి మన చిన్ననీటి వనరుల పథకాల దాకా ఆ సొమ్ము ఆంధ్రకు వచ్చింది. 2011 ఆగస్టు 1 నుంచి రెండు దేశాల మధ్య సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం నడుస్తోంది. ఇన్ని ఉన్నప్పుడు మిర్చి దగ్గర కాస్త చూసీచూడనట్టు పోతారులే అన్న నమ్మకం సంఘం పెద్దల్లోనూ, కొంత ఎగుమతిదారులోనూ ఉంది. కానీ రుణాలు చూసేది జైకా (జపాన్ ప్రభుత్వ సాయ సంస్థ), సుంకం చూసేది కస్టమ్స్, సరుకు పరీక్షించేది ఆరోగ్య శాఖ కింది క్వారంటైన్ స్టేషన్. ఒకరి మాట ఇంకొకరి దగ్గర చెల్లదు. సుంకం తగ్గించే ఒప్పందం మందు అవశేషాల పరిమితిని అంగుళం కూడా కదపదు.

సమస్య

మొదటి కంటైనర్ మామూలుగానే దిగింది. క్వారంటైన్ స్టేషన్ దాన్ని మానిటరింగ్ తనిఖీకి ఎంచుకుని శాంపిల్ తీసింది. మానిటరింగ్‌లో సరుకును ఆపరు, ఫలితం రాకముందే బయటికి వదులుతారు. పరీక్ష ఖర్చు కూడా అక్కడి ప్రభుత్వానిదే. వినడానికి మంచి పద్ధతే. ఫలితం చెడుగా వచ్చినప్పుడే దాని బరువు తెలుస్తుంది. 0.03 పీపీఎం అని కాగితం వచ్చేసరికి సరుకులో కొంత పొడి అయిపోయింది, కొంత వేరే కంపెనీ మసాలాలో కలిసిపోయింది. మిగిలిన మిర్చితో పాటు ఆ పొడినీ మసాలా ప్యాకెట్లనూ వెనక్కి పిలవాల్సి వచ్చింది.

ఎగుమతిదారుకు కనిపించిన నష్టం ఒక కంటైనర్ విలువ. దిగుమతిదారు భయం వేరు. ఒకే దేశం, ఒకే సరుకు, ఒకే మందుతో మళ్లీ ఉల్లంఘన దొరికితే విషయం తనిఖీ ఆదేశం దాకా పోతుంది. అప్పుడు ఆ దేశం నుంచి వచ్చే ప్రతి కంటైనర్‌నూ దిగుమతిదారు సొంత ఖర్చుతో పరీక్షించుకోవాలి, ఫలితం వచ్చేదాకా గోదాములో ఆపుకోవాలి. ఆ రెండో తప్పు మన ఎగుమతిదారే చేయనక్కర్లేదు. గుంటూరు నుంచి ఇంకెవరు చేసినా దెబ్బ అందరికీ తగులుతుంది. అందుకే దిగుమతిదారు నష్టపరిహారం గురించి పెద్దగా పట్టుబట్టలేదు. "వచ్చే సీజన్‌లో ఏం మారుస్తారో కాగితం మీద చూపించండి, లేకపోతే వేరే దేశం చూసుకుంటాం" అన్నాడు. ఈ వాక్యమే తర్వాత అన్ని నిర్ణయాలకూ కొలబద్ద అయింది.

చేసి చూసినవి, పనిచేయనివి

మొదట ఎగుమతిదారు తన దగ్గరున్న ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబ్ నివేదిక ముందుపెట్టాడు. ఓడ ఎక్కకముందు చేయించిన పరీక్షలో ఆ మందు "దొరకలేదు" అని ఉంది. ల్యాబ్ అబద్ధం చెప్పలేదు. జపాన్ ల్యాబ్‌దీ తప్పు కాదు. తేడా అంతా శాంపిల్ తీసిన తీరులో ఉంది. ఈ భాగం కొంచెం నెమ్మదిగా చదవాలి.

ఖర్చు తగ్గించుకోవడానికి 10 మంది రైతుల టిక్కీల (మిర్చి బస్తాల) నుంచి తలా పిడికెడు తీసి, కలిపి ఒకటే శాంపిల్‌గా పంపారు. ఒక రైతు కాయలో 0.06 ఉండి, మిగతా 9 మందివి శుభ్రంగా ఉన్నాయనుకోండి. కలిపిన శాంపిల్‌లో అది 0.006 అవుతుంది. ఆ ల్యాబ్ ఎండుమిర్చిలో 0.01 కంటే తక్కువను నివేదికలో చూపదు, కాబట్టి "దొరకలేదు" అని రాస్తుంది. కంటైనర్‌లో మాత్రం టిక్కీలు కలిసిపోవు, ఎవరి కాయ వాళ్ల టిక్కీలోనే ఉంటుంది. అక్కడ ఇన్‌స్పెక్టర్ తెరిచిన బస్తాల్లో ఆ రైతువి ఎక్కువ పడితే పలుచన పోతుంది, అంకె పెరుగుతుంది. కాబట్టి శాంపిళ్లను కలిపే ముందు ఒక లెక్క వేసుకోవాలి: పరిమితిని రైతుల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకెను ల్యాబ్ కొలవగలగాలి. 0.01ని 10తో భాగిస్తే 0.001. ఎండుమిర్చిలో ఆ స్థాయిని నమ్మకంగా కొలవడం మామూలు ల్యాబ్‌కు సాధ్యం కాదు. మిర్చిలోని ఎరుపు రంగు, ఘాటు పదార్థాలు అవశేషాలను కొలిచే యంత్రం మాస్ స్పెక్ట్రోమీటర్ సంకేతాన్ని అణిచేస్తాయి. కాయ ఎండుది కాబట్టి ముందు నీళ్లు కలిపి నానబెట్టకపోతే మందు సరిగ్గా బయటికి రాదు కూడా. 

దీనికి తోడు కొలతలో అనిశ్చితి. ఇలాంటి పరీక్షల్లో సగానికి సగం అటూ ఇటూ ఉండొచ్చని ల్యాబ్‌లే ఒప్పుకుంటాయి. 0.008 అని వచ్చిన కాగితాన్ని "పాస్" అని ఫైల్లో పెట్టుకునే వ్యాపారి తనను తాను మోసం చేసుకుంటున్నట్టే.

రెండో ప్రయత్నం వాదన. డబ్ల్యూటీవో ఎస్‌పీఎస్ ఒప్పందం (ఆహార భద్రత, మొక్కల, జంతువుల ఆరోగ్య నియమాల మీద ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం) 10వ అధికరణ వర్ధమాన దేశాల ప్రత్యేక అవసరాలను లెక్కలోకి తీసుకోవాలంటుంది, దాని ఆధారంగా ఢిల్లీ ద్వారా అడిగిద్దాం అని ఒక ఆలోచన. తప్పు ఆలోచనేం కాదు. కానీ అది ప్రభుత్వాలు జెనీవాలో మాట్లాడుకునే భాష, వేగం కూడా అక్కడిదే. ఇప్పటికే చిక్కిన సరుకుకు అది పరిష్కారం కాదు. పద్ధతి ప్రకారం ఇంకో దారి ఉంది: ఆ మందుకు మిర్చి మీద విడిగా పరిమితి పెట్టమని జపాన్‌కు దరఖాస్తు చేయడం. బయటి దేశాల్లో వాడే మందులకూ దరఖాస్తు తీసుకునే మార్గదర్శకాలు అక్కడ ఉన్నాయి. దానికి పొలాల్లో చేసిన అవశేష పరీక్షలు, విషతీవ్రత సమాచారం మొత్తం కావాలి. ఏళ్లు పడుతుంది. పేటెంటు తీరిపోయిన మందుకు ఆ ఖర్చు ఏ కంపెనీ పెట్టుకుంటుంది? సంఘం పెట్టుకోలేదు. ఆ దారి అక్కడితో వదిలేశారు, వదిలేయడమే సరైన పని.

మూడోది కడగడం, ఆవిరి పట్టడం, కలపడం. ఆవిరి సూక్ష్మజీవుల కోసం, మందు అవశేషాల కోసం కాదు. ఎండిన కాయను కడిగితే నిమ్ము ఎక్కి బూజు పడుతుంది, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషంతో కొత్త తలనొప్పి మొదలవుతుంది. పైగా మొక్క లోపలికి పాకే రకం మందైతే నీళ్లకు పోదు. శుభ్రమైన సరుకులో చెడ్డది కలిపి సగటు తగ్గిద్దామన్న సలహా ఒక బ్రోకర్ ఇచ్చాడు. దిగుమతిదారు ఒప్పందం దాన్ని నేరుగా నిషేధిస్తోంది. నిషేధించకపోయినా, ముందు చెప్పిన లెక్క ప్రకారం అది లాటరీ టికెట్.

నాలుగోది సంచుల మీద అనుమానం. 2008లో ఇథియోపియా కాఫీలో జపాన్‌కు మందుల అవశేషాలు దొరికినప్పుడు వేళ్లన్నీ జనపనార సంచుల వైపు చూపించాయి. ఆ దేశానికి జపాన్ పెద్ద మార్కెట్, ఎగుమతులు కుప్పకూలాయి. ఇక్కడా పాత గోనెలు తిరగవాడే అలవాటుంది కాబట్టి ఖాళీ సంచి ముక్కలను విడిగా పరీక్షకు పంపారు. ఏమీ రాలేదు. చవకైన పరీక్ష, ముందే చేయడం మంచిదైంది. దాంతో చూపు చేను మీదికి మళ్లింది.

అసలు మూలం

సంఘం రైతులకు పిచికారీ డైరీలు ఉన్నాయి. అనుమానమున్న రైతుల డైరీల్లో ఆ మందు ఎక్కడా లేదు. మామూలుగా ఇక్కడ రైతు అబద్ధం రాశాడని తేల్చేస్తారు. ఈ కేసులో అలా తేల్చకుండా డైరీని మందుల కొట్టు బిల్లులతో సరిపోల్చారు. ఒకే రకం భూమి, ఒకే రకం నాటు ఉన్న రెండు చేలలో ఒకదాని కాయ శుభ్రం, రెండోదానిది కాదు. డైరీల్లో తేడా ఒక్కటే: రెండో రైతు తామర పురుగుకు ఒక "బయో" సీసా వాడాడు. "బయో మందే కదండీ, దాంట్లో ఏముంటుంది" అన్నాడు, నిజాయితీగానే. ఆ సీసాలో మిగిలిన ద్రవాన్నే ల్యాబ్‌కు పంపితే జపాన్ వాళ్లు పట్టుకున్న రసాయనం అందులో బయటపడింది.

2021–22లో త్రిప్స్ పార్విస్పైనస్ అనే కొత్త తామర పురుగు మిర్చి చేలను ఊడ్చేసినప్పటి నుంచి రైతు పూత దశలో ఏది ఇస్తే అది కొట్టే స్థితికి వచ్చాడు. కౌలు రైతైతే మందులు అరువుకే తెచ్చుకుంటాడు. అరువిచ్చే కొట్టు యజమాని చేతిలో పెట్టిందే అతని ప్రిస్క్రిప్షన్. లేబుల్ మీద ఆకు బొమ్మ, లోపల చవక రసాయనం. రెండు రోజుల్లో పురుగు చచ్చిపోతే అది వేప కషాయం కాదని అనుమానించాలి, కానీ ఆ సమయంలో పురుగు చావడమే కావాలి. టోక్యోలో రాసిన 0.01 అంకె చివరికి ఒక మండల కేంద్రంలోని అరువు ఖాతా పుస్తకానికి తగిలింది. 

ఇంకో అంశం ఎండబెట్టడం. 100 కిలోల పండుకాయ ఎండితే 25 నుంచి 35 కిలోలు వస్తుంది. నీరు పోతుంది, మందు మిగులుతుంది. పండుకాయలో 0.003 ఉన్నది ఎండేసరికి 0.01 దగ్గరికి చేరుతుంది. మిర్చిని ఒక్కసారిగా కోయరు. డిసెంబరు, జనవరిలో మొదలై ఏప్రిల్ దాకా విడతలుగా కోస్తారు. రెండు కోతల మధ్య కొట్టిన మందే అన్నిటికంటే ప్రమాదం.

పనిచేసింది

రెండో సీజన్‌కు గుంటూరు మార్కెట్ యార్డులో కొనడం పూర్తిగా మానేశారు. యార్డు ధర బాగుంటుంది, రంగు చూసి ఎంచుకోవచ్చు, కానీ అక్కడి టిక్కీకి చరిత్ర ఉండదు. సంఘంలోని రైతులందరినీ తీసుకోలేదు. మూడు ప్రశ్నలతో వడపోశారు: మందులు ఎవరి దగ్గర అరువు, పక్క చేను ఏమిటి, కోతకు కూలీలు ఎవరి చేతిలో ఉన్నారు. పక్కన పత్తి ఉండి గాలి ఇటు వీచే చేలను వదిలేశారు. మిగిలినవాటి చుట్టూ రెండు మూడు వరుసలు మొక్కజొన్న గానీ జొన్న గానీ వేయించారు. 

అరువు సమస్య తీర్చకుండా మందు సమస్య తీరదని దిగుమతిదారుకు ఒప్పించడం ఈ కేసులో అన్నిటికంటే కష్టమైన చర్చ. ఆయన పరీక్షల ఖర్చు భరించడానికి వెంటనే ఒప్పుకున్నాడు, ఎందుకంటే తనిఖీ ఆదేశం వస్తే అంతకంటే ఎక్కువ తన జేబులోంచే పోతుంది. మందుల కొనుగోలుకు అడ్వాన్సు ఇవ్వడం మాత్రం ఆయనకు రుణం ఇచ్చినట్టు అనిపించింది. చివరికి ఎగుమతిదారు ద్వారా సంఘానికి ముందస్తు సొమ్ము ఇచ్చి, సంఘమే కొని నిల్వ చేసి, రైతుకు సీసా లెక్కన ఇచ్చే పద్ధతి కుదిరింది. జాబితా చిన్నది: 10,000 పీపీఎం గాఢత ఉన్న వేపనూనె, నీలం, పసుపు జిగురు అట్టలు, పూతకు ముందు దశ వరకే కొన్ని రసాయన మందులు. ఆ రసాయనాలను కూడా మన సిఫార్సు చూసి కాకుండా, జపాన్‌లో మిర్చికి విడిగా పరిమితి ఉన్నవి చూసి ఎంచారు. "బయో" పేరున్న ప్రతి బ్యాచ్ నుంచి ఒక సీసా ల్యాబ్‌కు వెళ్లాకే మిగతావి రైతుకు. కాయను పరీక్షించడం కంటే సీసాను పరీక్షించడం ఎన్నో రెట్లు చవక. ఒక బ్యాచ్ సీసాలు పదుల చేలకు వెళతాయి, పైగా సీసాలో మోతాదు ఎక్కువ కాబట్టి కొలతలో సందేహం ఉండదు.

కాయ పరీక్షను రెండు అంచెలు చేశారు. ఎండుమిర్చిలో 0.005 వరకు కొలిచి నివేదించే ల్యాబ్‌ను ఎంచుకున్నారు. ప్రమాదం తక్కువున్న చేలను రెండు చొప్పునే కలిపారు. రెండిట్లో ఒకటి 0.01 దాటితే కలిపినది 0.005 దాటి కనిపిస్తుంది, అప్పుడు విడదీసి మళ్లీ చేస్తారు. కొలత అనిశ్చితి కలిపి చూస్తే ఇది కూడా అంచు మీద నడకే. అందుకని ఏ కొంచెం సందేహమున్న చేనుకైనా విడిగానే పరీక్ష. అంగీకరించే హద్దు 0.01 కాదు, 0.005. శాంపిల్‌ను రైతుతో తీయించలేదు. కల్లంలో కుప్ప పైన, మధ్య, అడుగు నుంచి తీసి, రెండో సగాన్ని సీలు వేసి కోల్డ్ స్టోరేజీలో దాచారు.

కోతకొక కోడ్. మొదటి కోత, రెండో కోత ఎప్పుడూ ఒకే టిక్కీలోకి పోలేదు. ఎండబోత టార్పాలిన్ పట్టాల మీద. టిక్కీల్లో తొక్కేటప్పుడు కాయ విరగకుండా నీళ్లు చల్లే అలవాటును ఆపించడానికి వేరే బేరం ఆడాల్సి వచ్చింది, ఎందుకంటే ఆ నీళ్లు తూకానికీ పనికొస్తాయి. తేమ 10 శాతం దగ్గర ఉంటేనే తీసుకుంటామని, దానికి తగ్గట్టు కిలోకు ధర కలిపి ఇస్తామని చెప్పాకే ఆగింది. ఇది బూజు కోసం. జపాన్‌లో మొత్తం అఫ్లాటాక్సిన్ పరిమితి కిలోకు 10 మైక్రోగ్రాములు. ఇక్కడో మెలిక: జపాన్ నమోదు చేసుకున్న విదేశీ ల్యాబ్‌ల ఫలితాలను మందుల విషయంలో అక్కడ తీసుకునే వీలుంది. ప్రయాణంలో పెరిగే అవకాశమున్న బూజు విషాల విషయంలో మాత్రం ఇక్కడి కాగితం చెల్లదు. కాబట్టి అఫ్లాటాక్సిన్‌కు కాగితం కంటే పొడి కంటైనర్, లోపల తేమ పీల్చే సంచులు ముఖ్యం.

తొడిమలు తీసే షెడ్డులో ఆ రోజుల్లో వేరే సరుకు రానివ్వలేదు. తాలు కాయ (రంగు పోయిన నాసి కాయ) ఏరివేత చివర్లో కాకుండా కల్లంలోనే చేయించారు. 

రెండో సీజన్‌లో పంపిన సరుకు దిగుమతిదారు సొంతంగా చేయించిన పరీక్షలోనూ, క్వారంటైన్‌లోనూ నిలబడింది. ఎంపిక చేసిన చేలలో కొన్ని పరీక్షలో పోయాయి. ఆ కాయను యార్డుకు పంపారు, దేశీయ మార్కెట్‌కు మన పరిమితుల్లోపే ఉంది.

ఏం నేర్పింది

ఇలాంటి కేసు చేతికొచ్చినవాళ్లు మొదట అడగాల్సింది "ఈ నియమం న్యాయమా" అని కాదు, "నియమం తప్పితే ఖర్చు ఎవరి మీద పడుతుంది" అని. జపాన్ విధానంలో అది దిగుమతిదారు మీద పడుతుంది, కాబట్టి డబ్బు అడగాల్సింది ఆయన్నే. ఖర్చు మొత్తం ఎగుమతిదారు మీదే పడే మార్కెట్‌లో ఈ పరిష్కారం పనిచేయదు. న్యాయం గురించిన వాదనకూ చోటుంది. సమాచారం లేని మందుకు ధనిక దేశం తాళం వేస్తుంది, ఆ సమాచారం తయారుచేసే స్తోమత ఉన్నవాడికి ఆసక్తి ఉండదు, ఆసక్తి ఉన్నవాడికి స్తోమత ఉండదు. సాయం అందించే జైకా లాంటి సంస్థలు కాలువలకు, కరెంటుకు ఇచ్చినంత సులువుగా అవశేష పరీక్షల సమాచారానికి డబ్బు ఇవ్వగలిగితే ఇలాంటి కేసులు సగం తగ్గుతాయి. అది స్పైసెస్ బోర్డు, గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధనా స్థానం, ఢిల్లీ కలిసి అడగాల్సిన మాట.

ల్యాబ్ కాగితాన్ని చదివేటప్పుడు చూడాల్సినవి మూడే: ఎంత తక్కువ వరకు కొలిచారు, ఎంతమంది సరుకు కలిపారు, శాంపిల్ ఎవరు తీశారు. మిగతాదంతా ముద్రలు.

ఒకటి మాత్రం తేలలేదు. యార్డులో ధర ఎగిరిన ఏడాది రైతు పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగడు, టిక్కీలు గుంటూరు లారీ ఎక్కేస్తాయి. కౌలు మారితే డైరీ, నమ్మకం, వడపోత అన్నీ మొదటికొస్తాయి. ప్రస్తుత ఒప్పందంలో ధరను యార్డు సగటుకు ముడివేసి పైన కొంత కలిపారు. ఏ వారపు సగటు, ఏ గ్రేడు సగటు అన్న దగ్గర సంఘానికీ ఎగుమతిదారుకీ ఇంకా బేరం నడుస్తోంది.